వరికి ముందు ఈనే తేదీ రాసుకోవాలి, ఆ తర్వాతే తుకం

సంపాదకులకు నమస్కారం.

యాసంగి (రబీ) వడ్లు కల్లాలకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఊరూరా ఒకటే మాట. ఈసారి తాలు (గింజ పట్టని పొట్టు) ఎక్కువ పోయింది, ఎకరానికి నాలుగైదు బస్తాలు తగ్గాయి, మిల్లుకు పోతే అంతా నూకే అన్నారు అని. ఇక నేరం విత్తనం మీదకో, అదనుకు దొరకని యూరియా మీదకో, పనిచేయని మందు మీదకో పోతుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ అదే విత్తనం, అదే ఎరువు, ఒడ్డుకు అవతల పదిహేను రోజులు ముందు నాటిన మడిలో గింజ గట్టిగా నిండిందంటే తేడా తేదీ దగ్గరే ఉంది. దాన్ని ఎవరూ లెక్కలో వేయడం లేదు. యాసంగి తుకాలకు, అంటే నారుమడిలో విత్తనం పోయడానికి, ఇంకా వ్యవధి ఉన్నప్పుడే ఈ సంగతి మీ పాఠకుల ముందు పెట్టాలని రాస్తున్నాం.

మన దగ్గర అందరూ అడిగేది "తుకం ఎప్పుడు పోయాలి?" అని. అడగాల్సింది "వరి ఎప్పుడు ఈనాలి?" అని, అంటే కంకి ఎప్పుడు బయటికి రావాలి అని. ఈనే తేదీ ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే తుకం తేదీ దానంతట అదే తేలుతుంది.

ఎందుకంటే, ఏ రకమైనా అంకురం, అంటే పిలక లోపల కంకి తొలిరూపు, పడిన దగ్గర నుంచి ఈనడానికి సుమారు 30 రోజులు, పూత నుంచి కోతకు మరో 30 రోజులు. ఈ రెండు నెలలూ రకాన్ని బట్టి పెద్దగా మారవు. 120 రోజుల కేఎన్‌ఎం 118కీ, 150 రోజుల సాంబ మసూరికీ తేడా అంతా ముందరి దశలోనే, అంటే మొలక నుంచి పిలకలు వేసి అంకురం పడేదాకా. చలికి సాగేదీ, వేడికి కుదించుకుపోయేదీ ఎక్కువగా ఈ ముందరి దశే. వానాకాలంలో 120 రోజులకు కోసిన రకం యాసంగిలో నవంబరులో తుకం పోస్తే 130 రోజులు దాటడానికి కారణం ఇదే. డిసెంబరు, జనవరి చలిలో నారు కదలదు, పిలక ఆలస్యంగా వస్తుంది. అదే రకాన్ని జనవరి మొదట్లో పోస్తే ఎండలు ముదిరే కొద్దీ రోజులు తగ్గుతాయి. రోజులు తగ్గితే లాభం అనుకుంటారు. తగ్గినవి పిలకలు వేసే రోజులు, గింజ పాలు పోసుకునే రోజులు.

ఇప్పుడు యాసంగి లెక్క చూద్దాం. ఉత్తర తెలంగాణలో వరికి రెండు వైపులా ప్రమాదమే. ఒకవైపు చలి, ఒకవైపు ఎండ. ఈనడానికి పది పన్నెండు రోజుల ముందు, కంకి ఇంకా పొట్టలో, అంటే ఆకు తొడుగు లోపల, ఉండగానే పుప్పొడి తయారవుతుంది. ఆ నాలుగైదు రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి పడిపోతే పుప్పొడి చచ్చుబడుతుంది. బయటికి వచ్చిన కంకి చూడ్డానికి బాగానే ఉంటుంది, గింజ మాత్రం పట్టదు. కాబట్టి అక్టోబరులో తుకం పోసి తొందరపడితే జనవరి చలిలో పొట్టదశ పడుతుంది. ఇక ఎండ వైపు. పూత రోజున 35 డిగ్రీలు దాటిన వేడి గంటసేపు ఉన్నా చాలు, ఆ గంటలో విచ్చుకున్న పువ్వుల్లో చాలావరకు తాలుగా మిగులుతాయి. ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మార్చి మొదటి వారం దాకా ఈనిక పడేట్టు చూసుకుంటే ఈ రెండింటి మధ్య నుంచి బయటపడొచ్చు.

వెనక్కి లెక్కపెట్టండి. నవంబరు 15న తుకం పోసిన స్వల్పకాలిక రకం ఫిబ్రవరి 23 ప్రాంతంలో ఈనుతుంది, మార్చి నెలాఖరుకు కోతకు వస్తుంది. డిసెంబరు 25న పోస్తే మార్చి 29 ప్రాంతంలో ఈనిక, ఏప్రిల్ ఆఖరులో కోత. తుకంలో నలభై రోజుల తేడా ఈనికలో ముప్పయి నాలుగు రోజులకు తగ్గింది గానీ, ఆ ముప్పయి నాలుగు రోజుల్లోనే ఎండ పదును మారిపోతుంది. పైగా మార్చి, ఏప్రిల్ వడగళ్ళు. 2023లో ఆ రెండు నెలల్లో పడిన వడగళ్ళకు కంకుల మీది గింజ మడిలోనే రాలిపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. మార్చి నెలాఖరుకు కోత అయిపోతే ఏప్రిల్ వడగళ్ళ భయమైనా తప్పుతుంది. ఆదిలాబాద్ లాంటి చలి ఎక్కువ ఉండే చోట ఇదే తేదీలకు చలిని ఓర్చుకునే తెల్లహంస లాంటి రకం పెట్టుకోవాలి. కరీంనగర్ తేదీని అక్కడ గుడ్డిగా పాటించకూడదు.

పూత సంగతి దగ్గరగా చూస్తే తప్ప నమ్మకం కుదరదు. ఈనిన మరునాడు పొద్దున పది గంటలకు మడిలో దిగి ఒక కంకి పట్టుకుని చూడండి. గింజ పొట్టు రెండుగా విచ్చుకుని, ఆరు చిన్న పసుపు తిత్తులు బయటికి వేలాడుతుంటాయి. వేలితో తడితే పొడి రాలుతుంది. గంటో గంటన్నరో అయ్యాక పొట్టు మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకోదు. ఒక పువ్వు బతుకంతా ఆ గంటే. కంకి పైకొసన మొదలై కిందికి వారం రోజుల్లో పూత పూర్తవుతుంది. ఆ గంటలో ఎండ మాడ్చినా, వాన కొట్టినా తిత్తులు పగలవు, పొడి కీలాగ్రం మీద, అంటే పువ్వులోని ఆడ భాగం కొస మీద, పడదు. పూత మీదున్న మడిలో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు లోపు మందు కొట్టొద్దని చెప్పేదీ ఇందుకే. సాయంత్రం కొట్టుకోవాలి.

ఎండలో పూత తప్పనిసరి అయితే చేయగలిగింది నీళ్ళు. మడిలో రెండు అంగుళాల నీరు వారం పది రోజులు నిలబెట్టాలి. వేరుకు నీరు అందితే ఆకు చెమట పట్టినట్టు ఆవిరి వదులుతుంది, కంకి చుట్టూ గాలి బయటికంటే చల్లగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో రివరీనా ప్రాంతపు వరి 40 డిగ్రీల ఎండలోనూ గింజ కడుతుందంటే అక్కడి గాలి పొడిగా ఉండి, మడిలో నీరు నిండుగా ఉండటమే ముఖ్య కారణం. గాలిలో ఉక్క ఉంటే ఈ చల్లదనం రాదు, అదే ఎండకు నష్టం ఎక్కువ. కాబట్టి బోరు కింద రైతుకు కరెంటు, కాలువ కింద రైతుకు తడి, పూత వారంలో తప్పడం అన్నింటికంటే ఖరీదైన తప్పు.

రాత్రి వేడి గురించి మన దగ్గర మాటే లేదు. పగలు ఆకు తయారు చేసుకున్న పిండిపదార్థంలో కొంత రాత్రి ఊపిరికి ఖర్చవుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1992 నుంచి 2003 దాకా పండిన దిగుబడులను వాతావరణంతో పోల్చి చూస్తే, ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి 10 శాతం తగ్గినట్టు తేలింది. ఏప్రిల్‌లో గింజ నిండే వరికి పగటి ఎండతో పాటు ఈ రాత్రి ఖర్చూ తోడవుతుంది. గింజ నిండే రోజులు తగ్గి బరువు పడిపోతుంది, బియ్యం నడుమ సుద్దలాంటి తెల్లమచ్చ మిగులుతుంది.

మిల్లులో నూక కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. తెల్లమచ్చ ఉన్న గింజ గట్టిగా ఉండదు. దానికి తోడు పండిన చేను కోయకుండా నిలబెడితే పగలు ఎండకు ఎండి, రాత్రి మంచుకు చెమ్మగిల్లి గింజలో సన్నని పగుళ్ళు వస్తాయి. పైకి కనపడవు, మరలో పడ్డాక ముక్కలవుతాయి. ప్రభుత్వ లెక్కలో మిల్లరు క్వింటా వడ్లకు 67 కిలోల ముడి బియ్యం ఇవ్వాలి, అందులో 25 శాతం దాకా నూక ఒప్పుకుంటూ వచ్చారు. ఏప్రిల్ ఆఖరు వడ్లు ఆ లెక్కకు నిలబడవు. యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యం చేయక తప్పదని మిల్లర్లు అనేది దీని వల్లే. గొడవ మిల్లుదీ సర్కారుదీ అనుకుంటాం గానీ దాని మూలం డిసెంబరులో పోసిన తుకం. కంకిలో నూటికి ఎనభై, ఎనభై అయిదు గింజలు పసుపు తిరగగానే కోయాలి. నీళ్ళు కోతకు పది రోజుల ముందు తీసేస్తే చాలు, అంతకంటే ముందు ఆరబెట్టొద్దు. కల్లంలోనూ తారు రోడ్డు మీద పలుచగా పరిచి మిట్టమధ్యాహ్నం మాడ్చితే నూక ఇంకా పెరుగుతుంది. రెండు అంగుళాల మందంలో పోసి, గంటకోసారి కలియబెట్టి, మధ్యాహ్నం పరదా కప్పి, తేమ 17 శాతానికి తేవాలి.

యాసంగి ఎందుకు ఆలస్యమవుతోంది అని అడిగితే జవాబు వానాకాలంలో ఉంది. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, నూటయాభై రోజుల పంట. జూన్ 20న తుకం పోస్తే అక్టోబరు 18 ప్రాంతంలో ఈని నవంబరు 17కు కోతకు వస్తుంది. వానలు ఆలస్యమైనా, కాలువ ఆలస్యమైనా అదే రకాన్ని పట్టుకుని జూలై 25న పోస్తే నవంబరు నాలుగో వారంలో ఈనుతుంది. అప్పటికి రాత్రి చలి, పొద్దున మంచు. కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు. మంచు తడి ఆకుల మీద నిలిచే రోజుల్లో అగ్గి తెగులు, దాని వెనకే మెడవిరుపు. కోత డిసెంబరు ఆఖరు. ఇక ఆ మడిలో యాసంగి నాటు జనవరి నెలాఖరుకు గానీ పడదు. ఒక్క తుకం ఆలస్యం రెండు పంటలను తీసుకుపోయింది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నీళ్ళు ఆగస్టులో వదిలిన ఏళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ నీటికి నూటయాభై రోజుల రకం పనికిరాదు. దీర్ఘకాలిక రకాలకు తుకం జూన్ మూడో వారం దాటొద్దు. నూటముప్పయి అయిదు రోజుల వాటికి జూలై 10, నూటఇరవై రోజుల వాటికి జూలై నెలాఖరు హద్దు. సన్నాలకు, అంటే సన్న గింజ వడ్లకు, తెలంగాణ సర్కారు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నప్పటి నుంచి సన్నమంటే బీపీటీయే అనుకునేవారు పెరిగారు. నూటపాతిక రోజుల తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, కూడా సన్నమే. జూలై 10న తుకం పోస్తే అక్టోబరు రెండో వారంలో, వానలు వెనక్కి మళ్ళే వేళకు ఈని నవంబరు రెండో వారానికి కోతకు వస్తుంది. మడి యాసంగికి అదనుకు ఖాళీ అవుతుంది. ఆలస్యంగా నాటిన వానాకాలం వరికి ఉల్లికోడు పురుగు ముప్పూ ఎక్కువే. వరంగల్, కరీంనగర్ వైపు రైతులకు దీని గురించి చెప్పనక్కర్లేదు. పిలక ఉల్లికాడలా గొట్టమైపోతే అందులోంచి కంకి రాదు, ఏ ఎరువు వేసినా రాదు.

కోస్తాలో తేదీని నిర్ణయించేది తుపాను. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, జూన్ 10న పోస్తే నవంబరు 7కు కోత, జూలై మధ్యలో పోస్తే డిసెంబరు రెండో వారం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నష్టపోయింది ఆ ఆలస్యపు సార్వా (కోస్తాలో వానాకాలం పంట), కోసి మడిలో పనలుగా పరిచి ఉన్న వరి. అలాగని ముందు నాటిన వరికి ఏ భయమూ లేదనలేం. 1996లో కోనసీమను ముంచిన తుపాను వచ్చింది నవంబరు 6న. అక్టోబరు ఆఖరుకే కోత ముగిసేట్టు జూన్ మొదటి వారంలో కాలువ నీళ్ళు కావాలని గోదావరి డెల్టా రైతులు అడిగేది ఈ లెక్కతోనే. ఆ నీళ్ళు నెల ఆలస్యమైతే దాళ్వా (కోస్తాలో యాసంగి పంట) కూడా ఆలస్యమై, ఏప్రిల్‌లో కాలువ కట్టేవేళకు శివారు చేలు పాలదశలో ఎండుతాయి. పడిపోయిన చేను, తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకులు తడిసేట్టు చల్లడం మరవొద్దు. చల్లితే మొలక రాక నాలుగు రోజులు వ్యవధి దొరుకుతుంది.

దాళ్వాకు, యాసంగికి ఒక మేలు కూడా ఉంది, దాన్ని చెప్పకపోతే లెక్క పూర్తికాదు. అంకురం నుంచి కోతదాకా ఆ అరవై రోజులు ఎంత ఎండ వెలుగు పడితే అంత గింజ. వానాకాలం మబ్బుల్లో ఆ వెలుగు అందదు, అందుకే ఎక్కువ యూరియా వేసినా గింజ పెరగదు. ఆకు కమ్ముకుని సుడిదోమ చేరుతుంది, పైరు పడిపోతుంది. మబ్బు పట్టిన వారంలో యూరియా చల్లడం ఆపండి. యాసంగి వెలుగుకు ఎక్కువ నత్రజని తట్టుకుంటుంది, డెల్టాలో దాళ్వాకు సార్వా కంటే రెట్టింపు దాకా ఇచ్చేది ఇందుకే. మనకు కావాల్సింది ఫిబ్రవరి, మార్చి వెలుగు. ఏప్రిల్ వేడి కాదు.

యాసంగి తుకం నవంబరులో పోయమంటే చాలామంది "చలికి నారు ఎదగదు" అంటారు. నిజమే, ఎదిగేట్టు చేయాలి. ఎకరానికి సరిపడే నారుకు ఐదు సెంట్లు, అంటే రెండు గుంటలు చాలు. 20 నుంచి 25 కిలోల విత్తనాన్ని లీటరుకు గ్రాము కార్బెండజిమ్ (తెగులు మందు) కలిపిన నీళ్ళలో 24 గంటలు నానబెట్టాలి. మండె కట్టేటప్పుడు, అంటే నానిన విత్తనాన్ని మొలకకు మూటగట్టేటప్పుడు, గోనెసంచి చుట్టూ వరిగడ్డి కప్పి, గోరువెచ్చని నీళ్ళు చిలకరించాలి. వానాకాలంలో ఒక రోజుకు వచ్చే మొలకకు ఇప్పుడు ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. నారుమడికి భాస్వరం మామూలుగా వేసే కిలోకు బదులు రెండు కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ రూపంలో అయితే పన్నెండున్నర కిలోలు, ఆఖరు దున్నకంలోనే పడాలి. చలికి వేరు భాస్వరం లాగలేదు, ఆకు ఎర్రబారి గిడసబారేది అందుకే. పొద్దు గూకేముందు కర్రలు పాతి వాటి మీద పాలిథీన్ పట్టా కప్పి, పొద్దున ఎండ రాగానే తీసేయాలి. పట్టా ఆకుకు తగలకూడదు. రాత్రంతా చల్లబడిన నీటిని పొద్దునే తీసి కొత్తగా బోరు నీళ్ళు పెడితే, భూమిలోంచి వచ్చే నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి నారు కదులుతుంది. ఆకు నడిమి ఈనె తెల్లబడి తుప్పు మచ్చలు కనపడితే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కొట్టాలి.

అన్నీ చేసినా కొన్నిసార్లు ఆలస్యం మన చేతిలో ఉండదు. అప్పుడు ముదురు నారును లేత నారులా నాటొద్దు. నూటఇరవై రోజుల రకానికి 25 రోజుల నారు సరైనది, చలికాలంలో 30. నలభై, నలభై అయిదు రోజులు మడిలోనే ఉండిపోయిన నారులో కణుపు మొదలవుతుంది, నాటాక పిలక వేయకుండానే ఈనుతుంది. అలాంటప్పుడు కుదురుకు, అంటే నాటే ఒక్కో చోట, నాలుగైదు మొక్కలు పెట్టి, చదరపు మీటరుకు 44 కుదుళ్ళకు తగ్గకుండా దగ్గరగా నాటాలి. నత్రజనిని మూడు దఫాలు చేయకుండా 70 శాతం దమ్ములోనే, అంటే నాటుకు ముందు బురద దున్నకంలోనే, వేసి, మిగతాది అంకురం దశలో ఇవ్వాలి. నారు కొసలు తుంచి నాటితే కాండం తొలిచే పురుగు గుడ్లు మడిలోకి రావు. ఇంకా వారం పది రోజులు కలిసిరావాలంటే నాటు మానేసి డ్రమ్ సీడరుతో దమ్ము మడిలో నేరుగా విత్తుకోవచ్చు. ఎకరానికి 10, 12 కిలోల విత్తనం సరిపోతుంది. మడి మాత్రం చదునుగా ఉండాలి, మొదటి నెల కలుపు మీద కన్ను ఉండాలి.

అంకురం దశను రోజులు లెక్కపెట్టి ఊహించొద్దు, కోసి చూడండి. దుబ్బులో పెద్ద పిలకను మొదట్లోంచి పెరికి, బ్లేడుతో నిలువుగా చీల్చితే పై కణుపు మీద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగు మొన కనిపిస్తుంది. అదే కంకి. ఆ రోజు నుంచి నెల లెక్కపెడితే ఈనే తేదీ. ఆఖరు యూరియా, పొటాష్ ఆ రోజే.

కోతప్పుడు తాలు చూసి కారణం కూడా పట్టుకోవచ్చు. కంకి పైభాగంలో తాలు ఉండి కింద గింజ ఉంటే, పూత మొదటి రోజుల్లో ఎండో వానో దెబ్బకొట్టింది. కింద మాత్రమే తాలు అయితే వెలుగో తిండో చాలలేదు. కంకి అంతా తెల్లగా ఉండి లాగితే చేతిలోకి వచ్చేస్తే పురుగు. మెడ దగ్గర నల్లబడి విరిగితే అగ్గి తెగులు. కంకి సగం పొట్టలోనే ఉండిపోతే చలి, లేదా పొట్టకుళ్ళు. ఇరవై కంకులు వేర్వేరు మూలల్లోంచి కోసి ఇలా చూస్తే, వచ్చే ఏడు మార్చాల్సింది మందా, రకమా, తేదీనా అన్నది తేలుతుంది.

చివరగా అధికారులకు మూడు విన్నపాలు. కాలువ నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కడతారో తుకాలకు నెల ముందు చెప్పాలి. విత్తనం కొన్నాక చెబితే రైతు రకం మార్చుకోలేడు. విత్తనపు సంచి మీద వానాకాలం రోజులు, యాసంగి రోజులు విడివిడిగా ముద్రించాలి. కొనుగోలు కేంద్రాలు మార్చి నాలుగో వారంలోనే తెరవాలి. ముందు నాటి మార్చిలో కోసిన రైతు మూడు వారాలు వడ్ల కుప్ప దగ్గర కాపలా కాయాల్సి వస్తే మరుసటి ఏడు ముందు నాటడు.

మీ పత్రికకూ ఒక మనవి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వ్యవసాయ పేజీలో జిల్లాల వారీగా పగటి వేడితో పాటు రాత్రి ఉష్ణోగ్రత కూడా రోజూ వేయండి. ఇక రైతులకు: వానాకాలం వరి ఇంకా కోయకపోయినా ఫర్వాలేదు. బావి దగ్గర, నీరు ముందు అందే చోట రెండు గుంటలు ఈ వారమే ఖాళీ చేసి దున్ని పెట్టండి. నవంబరు తుకానికి ఆ రెండు గుంటలే కావాలి.

ఇట్లు,
కొందరు వరి రైతులు,
జగిత్యాల జిల్లా